పారబోసిన తరవాణి

మధ్యాహ్నం కునుకు పడితే చాలు, చిన్నతల్లికి వంటింటి మూల కుండ మళ్ళీ కనిపించేది. మూతికి తడిగుడ్డ, గుడ్డ కింద బుడగలు, ఇల్లంతా తేలికైన పులుపు వాసన. పక్కనే అత్త జగ్గమ్మ కూచుని, "గంజి పోసినావేటే?" అని అడిగేది. పోశానని చెప్పబోయేసరికి మెలకువ వచ్చేది. చూస్తే మూల ఖాళీ. అత్త పోయి ఏడాది దాటింది. కుండ పోయి నెల కూడా కాలేదు.

కాపురానికి వచ్చిన కొత్తలో అత్త అప్పగించిన తరవాణి కుండ అది. రోజూ గంజీ, బియ్యం కడిగిన నీళ్ళూ పోయాలి. పులిసినది కావలసినంత తోడుకోవచ్చు గాని అడుగు మాత్రం ఖాళీ చెయ్యకూడదు. ఆ అడుగే రేపటి గంజిని పులియబెడుతుంది. జగ్గమ్మకు వాళ్ళత్త ఇచ్చింది, ఆవిడకు ఆవిడ అత్త ఇచ్చింది.

దాన్ని పారబోయించిన మహానుభావుడు ఆమె మొగుడు గణపతిరావు. ఆయనకు అన్నం తిన్న కాసేపటికే గుండెల్లో మంట, పులితేనుపులు. విజయనగరంలో ప్రకృతి వైద్యం చేసే నారాయణమూర్తిగారి దగ్గరికి వెళ్ళి, సగం విని, అంతా తెలిసిన మొహంతో తిరిగొచ్చాడు.

"ఆహారంలో ఆమ్లం తగ్గించి క్షారం పెంచాలట. ఆమ్లమంటే ఏటి? పులుపే గదా!" అన్నాడు.

ఆ పూటే చింతపండు అటకెక్కింది. నిమ్మకాయలు పక్కింటికి పోయాయి. "మావా, అత్త ఇచ్చిన కుండ..." అని చిన్నతల్లి నసిగింది. "నా కడుపు కన్నా ఎక్కువేటే?" అన్నాడాయన. చిన్నతల్లి పెరట్లోకి నడిచింది. అరటిచెట్టు మొదట్లో తనే కుండ వంచింది, కడిగి బోర్లించింది.

పులుపు పోయింది గాని మంట పోలేదు. కంచంలో రోజూ అన్నం గుట్ట అంతే, పక్కన ఎండుచేపల వేపుడూ అంతే.

ఈసారి ఆలుమగలిద్దరూ బస్సెక్కారు. నారాయణమూర్తిగారు అంతా విని నుదురు కొట్టుకున్నారు. "నాలిక్కి తగిలే పులుపు కాదయ్యా నేనన్నది! మా లెక్కలో నిమ్మకాయ క్షారమే. అన్నం, పప్పు, చేప ఆమ్లం. అవి ఒక వంతు తిను. ఆకుకూరలు, కాయలు, పళ్ళు మూడు వంతులు తిను. కుండ పారబొయ్యమని ఎవరు చెప్పారు?"

గణపతిరావు నేల చూపులు చూశాడు. కోపమే వచ్చి ఉంటే చిన్నతల్లి తిరుగు బస్సులోనే దులిపేసేది. ఆమెకు దుఃఖం వచ్చింది. కొత్తగా కుండ పెడితే గంజి పులవకపోదు. కాని అందులో అత్త ఉండదు. కిటికీ అవతల సరుగుడు తోటలు వెనక్కి పోతున్నాయి. గంజి పోసినావేటే అని అత్త అడుగుతూనే ఉంది.

మర్నాడు భోగాపురం దిగువ సముద్రపొడ్డు నుంచి గున్నమ్మ ఎండుచేపల గంపతో వచ్చింది. "కొంచెమే సాలు గున్నమ్మా, ఇక మాకు ఆకుకూరలే ఎక్కువ" అంటూ మొదలుపెట్టి, సంగతంతా చెబుతూ చెబుతూ చిన్నతల్లి ఏడ్చేసింది.

గున్నమ్మ గంప దించింది. "ఏడవకమ్మా. నా కోడలికి పురిట్లో కూడు సయించకపోతే మీ అత్త సెంబుడు తరవాణి పోసినాది. అడుగు మిగుల్చుకోయే అని మరీ సెప్పినాది. అది మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నాది, రోజూ గంజి పోస్తన్నాం. రేపు తెస్తాను, కుండ కడిగి ఉంచు."

అన్నట్టే చెంబు మూతికి గుడ్డ కట్టి తెచ్చింది. "సేపలోళ్ళింటి గంజి..." అని గణపతిరావు గొణగబోయాడు. చిన్నతల్లి ఒక్కసారి తలెత్తి చూసింది. ఆయన వెళ్ళి కుండ తనే పట్టుకొచ్చాడు. చెంబులోది అందులో వంచి, చిన్నతల్లి పైన గంజి పోసింది.

ఆ మధ్యాహ్నం తోటకూర తరుగుతూ తరుగుతూ కునుకు పట్టింది. అత్త వచ్చింది, అడిగింది.

"పోసినానత్తా" అంది చిన్నతల్లి.

మెలకువ వచ్చింది. పులుపు వాసన మాత్రం వంటింట్లోనే ఉంది.