గోడవైపు తలుపు

కారు తాళం కాలవలో పడేసింది యేసుకుమారే. అందులో దాపరికమేమీ లేదు, వాడే ఒప్పుకున్నాడు. ఒప్పుకోక చస్తాడా, బుడుంగుమన్న చప్పుడు తల్లి కూడా వింది మరి!

మర్నాడు సమాధుల పండుగ. తండ్రి దిబ్బ మీది కొయ్య సిలువకి, పక్కనున్న తాతల సమాధులకి సున్నం వేద్దామని తల్లి హెప్సిబాని కార్లో ఎక్కించుకుని బెజవాడ నుంచి సొంతూరొచ్చాడు. పామర్రు దాటాక కాలవ గట్టు మీదుంటుంది ఆ ఊరు. తండ్రి ఫిలిప్ మాస్టారు పోయి ఎనిమిది నెలలు. ఏడాది తిరిగితే గానీ సిమెంటు సమాధి కట్టరు కాబట్టి ఇంకా మట్టిదిబ్బే. ఎప్పుడొచ్చినా కారు చర్చి దగ్గర ఆపి నడిచి వచ్చేవాళ్ళు. ఆ రోజు సున్నం బకెట్లున్నాయని సమాధుల దొడ్డి దాకా పోనిచ్చి, నడుమెత్తు గోడ పక్కనే మనిషి పట్టేంత సందు వదిలి ఆపాడు. గోడకి అవతల పక్కనే మాస్టారు.

పనయ్యాక చేతులు కడుక్కుందామని కాలవలోకి వంగాడు. చొక్కా జేబులోంచి తాళం జారింది. అంతే సంగతులు.

ఇదివరకు తాళం పోతే తాళమే పోయేది. ఇప్పటి తాళం తాళమా? అరచేతిలో పట్టే నల్ల బిళ్ళ. అది జేబులో ఉంటే చాలు, తలుపు హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యగానే కారు తెరుచుకుంటుంది. లేకపోతే అంత కారూ ఇనుప డబ్బా. ఇలాంటివి ఈ కారుకి రెండిచ్చారు. రెండోది మాస్టారు పోయినప్పటి నుంచీ కనబడలేదు. ఇల్లు జల్లెడ పట్టారు, బీరువాలు దులిపారు, ఆఖరికి బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశారు. పోన్లే, ఒకటుంది కదా అని ఊరుకున్నారు. ఇప్పుడు ఆ ఒకటీ నీళ్ళపాలయింది.

కొడుకు కాలవలోకి దిగి తడుముతుంటే హెప్సిబాకి కార్లో పెట్టిన చేతిసంచి గుర్తొచ్చింది. తాళం లేదన్న సంగతి ధ్యాసలో లేదు పాపం. సందులో దూరి, తను ఎప్పుడూ కూర్చునే వైపు, ఆ గోడవైపు తలుపు మీద చెయ్యి వేసింది.

కీక్, కీక్.

దీపాలు రెండుసార్లు మిణుకుమన్నాయి. ముడుచుకున్న అద్దాలు చెవుల్లా విచ్చుకున్నాయి. హెప్సిబా ఒళ్ళు ఝల్లుమంది.

"దొరికిందా అమ్మా?" తడి బట్టలతో పరిగెత్తుకొచ్చాడు యేసుకుమార్.

"నా దగ్గరేముందిరా? ఊరికే చెయ్యి వేశానంతే."

వాడు లోపల కూర్చుని స్టార్టు బటన్ నొక్కాడు. తాళం లోపల లేదని తెర మీద అక్షరాలు పడ్డాయి. లోపల లేదంట! మరెక్కడుంది? సీట్ల కింద చూశారు, గడ్డిలో చూశారు. చివరికి హెప్సిబా చూపు గోడ దాటి దిబ్బ మీద పడింది.

నీలం కోటు!

పోయే ముందు వారం మాస్టారు ఆ కోటు వేసుకుని కంకిపాడులో పెళ్ళికి వెళ్ళొచ్చారు. వచ్చి వంకెకి తగిలించారు. పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు "ఆ కోటంటే ఆయనకి ప్రాణం, అదే తొడగండి" అంది హెప్సిబా. బొత్తాలు తనే పెట్టింది. ఆ ఏడుపులో లోపలి జేబు తడిమి చూడాలని ఎవరికి తోస్తుంది!

అదొక్కటే అయితే ఆవిడ అంతగా వణికిపోయేది కాదు. ఇన్నేళ్ళ కాపురంలో మాస్టారు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలిచి ఎరగరు. బళ్ళో పిల్లలందరి పేర్లూ గొంతు చించుకుని పిలిచే మనిషికి ఇంట్లో ఆ ఒక్క పేరూ నోట్లోంచి వచ్చేది కాదు. సిగ్గో, అలవాటో! స్కూటరున్న రోజుల్లో హారన్ కొట్టేవారు. కారు కొన్నాక వీధిలో నిలబడి తాళం మీద మీట నొక్కేవారు. కీక్, కీక్. చర్చికి వేళయింది, రమ్మని. హెప్సిబా బైబిలూ పాటల పుస్తకమూ పట్టుకుని, "నేనేమన్నా కారునా, మీట నొక్కితే తలుపు తెరుచుకోడానికి" అని సణుక్కుంటూ వచ్చేది. అలా సణిగినందుకు ఇప్పుడు ఆవిడకి ఏడుపు ఆగలేదు.

"మీ నాన్నగారు పిలుస్తున్నార్రా" అంది.

దొడ్డి కాపలా చూసే ఇశ్రాయేలు సంగతంతా విన్నాడు. "దానికేముందండీ, పాస్టరుగారికి ఒక మాట చెప్పి కాస్త మట్టి తీస్తే" అనబోయాడు. హెప్సిబా చూసిన చూపుకి భుజం మీది పార కింద పెట్టేశాడు.

యేసుకుమార్ షోరూంకి ఫోన్ చేశాడు.

"కారు ఎవరి పేరున ఉందండీ?"

"మా నాన్నగారి పేరున."

"అయితే ఆయన్ని ఆధార్ కార్డు తీసుకుని ఒకసారి రమ్మనండి."

వాడు గోడవైపు చూసి నీళ్ళు నమిలాడు. పోయారని చెప్పాక ఇంకా పెద్ద తతంగం మొదలైంది. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, తాళం పోయిందని పోలీసు స్టేషన్ నుంచి కాగితం. కారుని లారీ ఎక్కించి షోరూంకి చేర్చాలి. తాళం ఎక్కడి నుంచో రావడానికి వారాలు పడుతుంది. ధర చెప్పేసరికి వాడికి తల ప్రాణం తోకకొచ్చింది, ఆ డబ్బుకి పాత మోటారు సైకిలొకటి వస్తుంది.

పండుగనాడు తల్లీ కొడుకులు బస్సులో వచ్చారు. దొడ్డి నిండా జనం, పూలు, కొవ్వొత్తులు, పాటలు. హెప్సిబా మాత్రం సందులోనే ఉండిపోయింది. ముందురోజు అదిరిపడిన మనిషే ఇప్పుడు ఆత్రంగా హ్యాండిల్ మీద చెయ్యి వేసింది. కీక్, కీక్. కారు దానంతటదే మూసుకునేదాకా నిలబడి, మళ్ళీ చెయ్యి వేసింది. చూసినవాళ్ళు పిల్లల్ని దగ్గరికి లాక్కుని అవతలికి జరిగారు. ఆవిడకి అదేం పట్టలేదు.

మర్నాడు ఆటోనగర్ నుంచి సాయిగణేష్ ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. కారు ఎక్కడుంటే అక్కడికే వచ్చి తాళాలు చేసిచ్చే మనిషి, షోరూం ధరలో సగానికి ఒప్పుకున్నాడు. కథ విని నవ్వాడు.

"అంత మట్టిలోంచి సిగ్నలెలా వస్తుందండీ? బ్యాటరీ ఈపాటికి చెమ్మకి పోయుంటుంది. కార్లోనే ఏదో వైరు తేడా."

"ఏదీ, రోడ్డువైపు తలుపు పట్టుకో బాబూ" అంది హెప్సిబా. పట్టుకున్నాడు. ఉలుకూ పలుకూ లేదు. "ఇప్పుడిటు రా."

గోడవైపు చెయ్యి వేశాడు. కీక్, కీక్. నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు. ఇంక ఆ పూటంతా రోడ్డువైపు కూర్చునే పని చేశాడు, అటు తొంగి కూడా చూడలేదు.

"ఆయన నొక్కుతున్నారా నాయనా?"

"నొక్కక్కర్లేదండీ" అన్నాడు మెల్లిగా. "మనం చెయ్యి వేస్తే కారు పిలుస్తుంది. తాళం దగ్గర్లో ఉంటే పలుకుతుంది."

"అయితే పలుకుతున్నారన్నమాట" అంది హెప్సిబా. ఎనిమిది నెలల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు కనబడింది. ఆ నవ్వు చూసి యేసుకుమార్‌కి భయం వేసింది.

సాయిగణేష్ వైర్లు తగిలించి తలెత్తాడు. "కొత్త తాళం ఎక్కించాలంటే ముందు పాతవన్నీ చెరిపెయ్యాలండీ. పాతది చేతిలో ఉంటే మళ్ళీ ఎక్కిస్తా. లేదంటే కారు దాన్ని మర్చిపోతుంది."

"ఎదురుగానే ఉందిగా?"

"స్టార్టు బటన్‌కి ఆనించి చూపించాలండీ."

"అయితే వద్దు. వైర్లు తీసెయ్."

"కారు ఇక్కడే వదిలేద్దామా అమ్మా?" అన్నాడు యేసుకుమార్.

"వదిలెయ్యి. తుప్పు పట్టనీ. ఆయన పలుకుతుంటే నోరు నొక్కెయ్యమంటావా?"

"నాకు మాత్రం నాన్న కాదా?" అన్నాడు వాడు. "పొద్దున నువ్వు సిలువ దగ్గర ప్రార్థన చేసుకుంటుంటే దొంగలా వెళ్ళి నేనూ చెయ్యి వేశాను. పలికారు. ఇంకోసారి వేశాను. కారు తుప్పు పడితే అప్పుడు ఎవరు పలుకుతారమ్మా? అప్పుడేం చేస్తావ్?"

హెప్సిబా వెళ్ళి గోడ మీద కూర్చుంది. కొయ్య సిలువ మీద నిన్నటి బంతిపూలు వాడిపోయున్నాయి. వాటిని సర్దింది, మళ్ళీ సర్దింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"బాబూ, కొత్తవి రెండు చెయ్యి."

"రెండెందుకమ్మా? ఒక్కదానికే ప్రాణం పోతుంటే!"

"రెండోదానికి నా పెన్షన్లోంచి ఇస్తాలే. నువ్వు నోరు మూసుకో."

చెరిపే ముందు సందులోకి వెళ్ళి ఒక్కసారి చెయ్యి వేసింది. కీక్, కీక్. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. "ఇక కానీ" అని కొడుక్కి చెప్పింది.

"అయిపోయిందండీ" అన్నాడు సాయిగణేష్ కాసేపటికి.

చెయ్యి వేసింది. ఏమీ లేదు. గట్టిగా పట్టుకుని లాగింది. కారు రాయిలా ఉండిపోయింది. మాస్టారు పోయిన రోజు చుట్టూ జనం ఉన్నారు, ఓదార్చేవాళ్ళున్నారు, ఆవిడ సరిగ్గా ఏడవనేలేదు. ఇప్పుడు ఆ సందులో కారుకి తల ఆనించి కరువుదీరా ఏడ్చింది. ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు.

తర్వాత రెండో తాళం అడిగి తీసుకుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టి, దాన్ని ఇంకో కవర్లో చుట్టి, దిబ్బకి గోడవైపున మోకాళ్ళ మీద కూర్చుంది. ఇశ్రాయేలు పార ఇవ్వబోతే వద్దని చేతులతోనే తవ్వింది. మోచేతి లోతున పెట్టి మట్టి కప్పి అరచేత్తో అదిమింది.

సాయిగణేష్ గోల పెట్టాడు. "అమ్మగారూ, అక్కడ పెడితే, కారు ఇక్కడ ఆపినప్పుడల్లా ఎవడైనా వచ్చి తలుపు తీసేస్తాడండీ!"

"తియ్యనీ. మాస్టారు చూస్తుండగా తీసే మగాడెవడో నేనూ చూస్తాను."

లేచి, మట్టి చేత్తోనే తలుపు పట్టుకుంది.

కీక్, కీక్.

హెప్సిబా కళ్ళు మూసుకుంది. తలుపు తీసుకుని తన సీట్లో కూర్చుంది. సాయిగణేష్ వైర్లు చుట్టుకుంటూ, ఆఖరికి ఉండబట్టలేక రోడ్డువైపు నుంచే అన్నాడు. "ఆ బ్యాటరీ మహా అయితే రెండేళ్ళు వస్తుందండీ. తర్వాత పలకదు."

ఆవిడ అద్దంలోంచి దిబ్బ పక్కనున్న ఖాళీ జాగా వైపు చూసింది. అది తనకని మాస్టారిని పెట్టిన రోజే ఇశ్రాయేలుతో చెప్పి ఉంచింది.

"రెండేళ్ళు చాల్లే నాయనా. ఆ తర్వాత నేనూ అక్కడే ఉంటాగా. అప్పుడు తాళమూ ఉండదు, హారనూ ఉండదు. అప్పుడైనా పేరు పెట్టి పిలవక తప్పుతుందా ఆయనకి!"

యేసుకుమార్ కారు స్టార్ట్ చేశాడు గానీ, కదిలించడానికి చాలాసేపు పట్టింది.