పంపకం వేళ పరుపు

పరుపు అంచు కుడుతుండగా సూది వేలిలో దిగింది. రక్తం బట్టకంటకుండా ఆ అమ్మాయి వేలు నోట్లో పెట్టుకుంది.

"అది వదిలెయ్. ఆ కుట్టేసిన పరుపు ఊరవతల లాడ్జిలో ఇచ్చిరా," అన్నాడు చిన్న బాబాయి. అనడమే కాదు, ఆటోకి డబ్బులు కూడా తీసిచ్చాడు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి!

ఆమెకు అనుమానం వచ్చింది. తాత పోయి నెలైంది. తండ్రి ఎప్పుడో, ఈమె పాకే వయసులోనే పోయాడు. అప్పట్నుంచి తల్లీకూతుళ్ళకి ఈ పరుపుల కొట్టు వెనక గదే ఇల్లు. తాతకి చూపు తగ్గాక కొట్టు నడిపింది ఈమె సూదే. ఈరోజు ఖాజీ గారు వచ్చి కొట్టూ గదీ బాబాయిలిద్దరికీ పంచుతారని పక్కింటామె పొద్దున్నే చెవిన వేసింది.

చుట్టిన పరుపు భుజానికెత్తుకుని గడప దాటుతుంటే ఖాజీ గారు చెప్పులు విడుస్తూ ఎదురయ్యారు.

"నాకేం రాదా, ఖాజీ గారూ?"

"కొడుకులు బతికుండగా, పోయిన కొడుకు పిల్లలకి వాటా లేదమ్మా." చావుకబురు చల్లగా చెప్పారు.

"గ్రంథంలో అలాగే ఉందా?"

ముసలాయన అబద్ధమాడే రకం కాదు. "కొడుకులకెంతో, కూతుళ్ళకెంతో గ్రంథం తేటగా చెప్పింది. నీలాంటివాళ్ళ మాట అందులో విడిగా లేదు. వాటా లేదన్నది పెద్దలు ఆలోచించి తేల్చింది."

"మాలాంటివాళ్ళకి అసలేమీ లేదా?"

"ఉంది. పంపకం జరిగేచోట బంధువులో, అనాథలో, పేదలో ఉంటే వాళ్ళకీ కొంత ఇవ్వండి, మంచిగా మాట్లాడండి అని. ఇచ్చి తీరాలని కొందరన్నారు, ఇస్తే పుణ్యమని కొందరు." కాస్త ఆగి, "అక్కడుంటే కదమ్మా," అన్నారు.

చిన్న బాబాయి ముఖం మాడిపోయింది. ఆటో డబ్బులెందుకో ఆమెకి అప్పుడర్థమైంది. ఒళ్ళు మండింది.

వెనక్కొచ్చి, కొట్టు మధ్యలో పరుపు పరిచి దానిమీద కూర్చుంది.

"లేస్తావా లేదా?"

"లేవను బాబాయ్."

"వదినా, నీ కూతుర్ని లోపలికి పిలువు!"

వెనక గది తెర చాటునుంచి తల్లి పిలిచింది. "వచ్చెయ్ తల్లీ. వాళ్ళతో మనకెందుకు? రేపు ఎక్కడుంటాం?"

రేపు ఎక్కడుంటామనేగా ఈ గొడవంతా! అమ్మయినా వచ్చి పక్కన కూర్చుంటుందేమోనని చూసింది. తెర కదల్లేదు. పెద్ద బాబాయి గోడకేసి చూస్తున్నాడు. అంత పెద్ద పరుపుమీద తనొక్కతే. ఏడుపొచ్చింది, దిగమింగుకుంది.

"నేనిక్కడే ఉన్నాను, ఖాజీ గారూ. ఉన్నానని ముందు రాయండి."

ఖాజీ గారు కలం మూత తీసి, బాబాయిల వైపు చూశారు.