శుక్రవారం దాకా ఆగని పోటు

షామే కోసం పడవ కట్టడానికి నాకు పది నెలలు పట్టింది. పౌర్ణమి దాటిన రెండో రోజు, మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి పోటు నిండుగా వస్తుందని, ఆ రోజే దింపాలని చెప్పాను. ఒక్కసారే చెప్పాను. అక్కడే తప్పు చేశాను.

"మంగళవారమేంటి మేస్త్రీ? జుమ్మా నాడు దింపుదాం. దువా చెయ్యడానికి టౌన్నించి షేక్ గారొస్తున్నారు. విందుకి మేకని కూడా కట్టేశాను," అన్నాడు షామే.

"శుక్రవారానికి నీళ్ళు తగ్గుతాయి."

"మూడ్రోజులకే సముద్రం ఎండిపోద్దా?"

నేను బాడిస తీసుకుని పనిలో పడ్డాను.

ఇది బడిలో నేర్చుకున్నది కాదు. నేను బడికి వెళ్ళిందే మూడేళ్ళు. చంద్రుడు నీళ్ళని లాగుతాడు. సూర్యుడూ లాగుతాడు గాని దూరాన ఉన్నాడు, చంద్రుడు లాగినదాంట్లో సగం కూడా లాగలేడు. అమావాస్యకి ఇద్దరూ ఒకే పక్కన ఉంటారు. పౌర్ణమికి చెరో పక్కన, పెద్ద రంపానికి చెరో కొస పట్టుకున్న మనుషుల్లా, ఒకే గీత మీద ఉంటారు. అప్పుడే పెద్ద పోటు. నీళ్ళు బరువు కదా, ఒకటి రెండు రోజులు ఆలస్యంగా ఎగదన్నుతాయి. ఆ తర్వాత చంద్రుడు గీత తప్పుతాడు. ఒకడు అటు, ఒకడు ఇటు. పోటు రోజురోజుకీ కుంగుతుంది. ఒడ్డున పుట్టిన షామేకి ఇది తెలియదా? తెలుసు. మేకని కట్టేశాడు మరి.

మంగళవారం నీళ్ళు వచ్చి పడవ అడుగు దూలాన్ని తడిపి, కాసేపు నిలబడి, వెనక్కి పోయాయి. ఒడ్డున నేనొక్కణ్ణే ఉన్నాను.

శుక్రవారం నమాజు అయింది, పిలావు అయింది, దువా అయింది. పొద్దు వాలేవేళ అరవై మంది మోకు పట్టారు. నీళ్ళు ఎనిమిది అడుగుల అవతలే ఆగిపోయాయి. అయినా లాగారు. పడవ రెండు మూరలు జరిగి ఇసుకలో దిగబడింది. కింద దొర్లడానికి వేసిన కొబ్బరి దుంగ విరిగింది.

మోకు దగ్గర పాట కట్టే వువాయ్ చెమట తుడుచుకున్నాడు. "ఒరే షామే, ఆ మేకని కొయ్యకుండా దాన్నే సముద్రంలో దింపాల్సింది. తేలిగ్గా పోయేది!"

అందరూ నవ్వారు. షామే నా మీదికొచ్చాడు. "నువ్వు అంత ఎత్తున కట్టబట్టే కదా మేస్త్రీ!"

మంగళవారం నీళ్ళు వదిలిపోయిన నాచు గీత పడవ వెనక ఇంకా పచ్చిగానే ఉంది. చూపించాను. అతను చూడలేదు.

ఇక అమావాస్య దాకా ఎండలోనే. పలకలు ఎండి కుంచించుకుపోయి సందులు విడిచాయి. నీళ్ళు చొరబడకుండా నూనెలో నానేసి నేను కూరిన పత్తి పైకి లేచింది. పలకలు తడిగా ఉంచాలని షామే భార్య మ్వాటిమా రోజూ నీళ్ళు మోసి పోసేది.

"శుక్రవారం పుణ్యమంతా నా నడుంలోకే వచ్చింది మేస్త్రీ!" అనేది.

మళ్ళీ అమావాస్య దాటాక, బుధవారానికి పెద్ద పోటు. చెప్పాను.

షామే తల గోక్కున్నాడు. "బుధవారమా? ఇంకో రెండ్రోజులు ఆగితే..."

మ్వాటిమా బకెట్టు ఇసుకలో విసిరికొట్టింది. "ఆగితే నీళ్ళు నువ్వు మోస్తావా?"

"బుధవారం నాలుగున్నరకి," అన్నాను. "నువ్వు రాకపోయినా దింపుతాను."

బుధవారం పొద్దున ఆటు సమయంలో పడవ ముందు కాలువలా ఇసుక తవ్వాం. సాయంత్రానికి వువాయ్ ముప్పై మందిని తెచ్చాడు. షామే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు కాలువలోకి పాకాయి, దూలం కదిలింది.

"ఆగండ్రా! షేక్ గారు లేకుండా ఎలా?"

"నువ్వు సముద్రాన్ని ఆపు, మేం ఆగుతాం," అన్నాడు వువాయ్.

పడవ దిగింది, తేలింది. నేను ఎక్కి చూశాను. మూడు చోట్ల నీళ్ళు కారుతున్నాయి. పత్తి, సుత్తి తెప్పించుకుని అడుగున కూర్చున్నాను. మోకాళ్ళ దాకా నీళ్ళు. ఒకడు తోడుతున్నాడు, నేను కూరుతున్నాను.

ఒడ్డు నుంచి షామే కేకేశాడు. "ఇదేంటి మేస్త్రీ, కొత్త పడవ కారుతోంది?"

నేను పత్తి అందుకున్నాను. ఇంకో సందు వెతుక్కున్నాను.