మిల్లీమీటరు మేస్త్రీ పూసిన అంచులు

కోడలు బీరువాకు తెల్లరంగు వేస్తానన్న రోజున మేస్త్రీగారు భోజనం సగంలో వదిలేసి లేచిపోయారు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట, పెళ్లయిన కొత్తలో, భార్య కోసం తన చేత్తో చిత్రిక పట్టి చేసిన టేకు బీరువా అది. తలుపు మూస్తే సందులో కాగితం కూడా దూరదు. వీధిలో వాళ్లు ఆయన్ని మిల్లీమీటరు మేస్త్రీ అనేది ఊరికే కాదు.

“టేకు మీద రంగా? మనుషులు చేసే పనేనా?” అన్నారు చెయ్యి కడుక్కుంటూ.

“మీరు జుట్టుకు వేసుకుంటే లేని తప్పు, బీరువా వేసుకుంటే వచ్చిందా?” అంది ఆయన భార్య.

ఆ మాటతో ఒప్పుకున్నారు. కానీ పని జరుగుతున్నంతసేపూ తనను ముందుగదిలోకి పిలవొద్దన్నారు. మూడు రోజులు వెనకగదిలోనే కూర్చుని, బ్రష్షు చప్పుడు వినపడినప్పుడల్లా నిట్టూర్చారు.

కోడలికి ఆ ముందుగది ముస్తాబు ఆటకాదు. ఏడాదిగా లైబ్రరీ నుంచి ఒకే పుస్తకం మళ్లీ మళ్లీ తెచ్చుకుంటోంది. దాని నిండా ఫ్రెంచివాళ్ల ఇళ్ల బొమ్మలే. పక్కవీధి డాక్టరమ్మ కొత్త ఇల్లు కట్టుకుంది. “ముందు మీ గది చూస్తాను. నచ్చితే నా ఇల్లంతా నీ చేతుల్లో పెడతాను,” అంది. శుక్రవారం ఐదింటికి వస్తానంది. ఆవిడకు నచ్చకపోతే కోడలు మళ్లీ జిరాక్స్ షాపులో కాగితాలు తిప్పుకుంటూ ఉండాల్సిందే.

శుక్రవారం మధ్యాహ్నం కోడలు పరదాలు తేవడానికి దర్జీ దగ్గరికి వెళ్లింది. అత్తగారు కునుకు తీస్తోంది. మేస్త్రీగారు మెల్లగా ముందుగదిలోకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు.

గోడలు వాన వెలిసిన ఆకాశంలా లేత బూడిద రంగులో ఉన్నాయి. వాటి మీద సన్నని చెక్కపట్టీలతో పెద్ద పెద్ద చట్రాలు కట్టి, పట్టీలకూ అదే రంగు వేసింది. మూలలో రెండు పట్టీలు కలిసిన చోట ఆయన గోరు పెట్టి చూశారు. దిగలేదు. “అబ్బో!” అనుకున్నారు. కిటికీకి ఎదురుగా బంగారు చట్రం ఉన్న పాత అద్దం పెట్టడంతో వెలుతురు రెండింతలైంది. ఎవరో పారేసిన రెండు కుర్చీలు, దేనికదే వేరు పోలిక, ఒకే రకం బట్ట కట్టుకుని తోడికోడళ్లలా ఒద్దికగా కూర్చున్నాయి. సామాను సగం తీసేసినా గది బోసిగా లేదు. ఈ పిల్లకు ఇదంతా ఎవరు నేర్పారా అని ఆయనకు గర్వమేసింది.

అప్పుడు బీరువా వైపు తిరిగారు. మీగడ రంగులో హాయిగా ఉంది. కానీ నాలుగు అంచులా రంగు లేచిపోయి చెక్క కనిపిస్తోంది!

పాపం, కంగారులో రంగుకు ముందు లప్పం సరిగ్గా పట్టించలేదు కాబోలు. డాక్టరమ్మ చూస్తే ఇంకేముంది? మూలన డబ్బాలో రంగు మిగిలి ఉంది. చొక్కా చేతులు మడిచారు. గంటన్నరలో అంచులన్నీ పూడ్చేశారు. బ్రష్షు గీత ఒక్కటి లేదు.

మూడింటికి కోడలు వచ్చింది. చేతిలోని పరదాల మూట జారి కింద పడింది.

“మామయ్యా, అంచులేవీ?”

“పూడ్చేశాను తల్లీ. రంగు ఊడిందని ఎవరికీ తెలీదులే.”

“ఊడలేదు మామయ్యా. నేనే గీకాను. పొద్దుటంతా కూర్చుని గీకాను.”

“వేసిన రంగు నువ్వే గీక్కున్నావా?”

అత్తగారు కళ్లు నులుముకుంటూ వచ్చింది. “అది వేసి గీకుతుంది. ఈయన వచ్చి పూస్తారు. ఈ ఇంట్లో బుర్రున్నది ఆ బీరువా ఒక్కదానికే!”

కోడలు నేలమీద కూలబడి పుస్తకం తెరిచింది. అంచులు అరిగిన బీరువా బొమ్మ చూపించింది. “తరతరాలు వాడి ఇలా అరుగుతాయట. ఆ అరుగుదలే అందం.”

మేస్త్రీగారు కళ్లజోడు పెట్టుకుని బొమ్మను చాలాసేపు చూశారు.

“ఇది నిజంగా అరిగిందే. నువ్వు చేసింది మాత్రం ఎలుక కొరికినట్టుందమ్మా. నాలుగు వైపులా ఒకేలా అరుగుతుందా? ఆ పై అంచు ఎవరు ముట్టుకుంటారు, కోతులా?” భార్య వైపు తిరిగారు. “ఇటొచ్చి తలుపు తీసి మూయి.”

ఆవిడ రోజూలాగే తీసింది. కుడిచెయ్యి పిడి మీద, ఎడమచెయ్యి భుజమంత ఎత్తున తలుపు అంచు మీద. మూసేటప్పుడు మోకాలితో నెట్టింది.

“చూశావా? ముప్పై ఎనిమిదేళ్లుగా మోకాలే. చెప్తే వినదు.”

“చేతుల నిండా బట్టలుంటే ముక్కుతో మూయమంటారా?”

కోడలు చటుక్కున లేచి ఆ చోట్లన్నీ పెన్సిల్‌తో గుర్తు పెట్టింది. చేతులు పడే చోట ఆయన ఇప్పుడే పూసిన రంగు తడిగుడ్డకే వచ్చేసింది. మోకాలి చోట గరుకు కాగితం పట్టారు. ఆయన చెయ్యి ఆగలేదు. రుద్దిన చోటును నున్నగా తీర్చిదిద్దబోయారు.

“వదిలేయండి మామయ్యా. ఇంకాస్త బాగుచేస్తే పాడైపోతుంది.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. జన్మలో ఆయన్ని పని మధ్యలో ఆపిన మనిషి లేడు. రెండడుగులు వెనక్కి వేసి చూసి, “అవును, సరిగ్గా చెప్పావు,” అన్నారు.

పరదాలు తగిలించేసరికి ఐదయింది. డాక్టరమ్మ గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఆవిడ గోడలు చూసింది, కుర్చీలు చూసింది, బీరువా దగ్గరికి వెళ్లి పిడి లాగింది. ఎడమచెయ్యి తనంతట తనే అరిగిన అంచు మీదికి వెళ్లింది.

“ఎంత బాగుంది! ఇక్కడ కింద ఇలా ఎలా అరిగింది?”

“అది నా మోకాలండీ,” అంది అత్తగారు.

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నవ్వాక కోడలితో, “సోమవారం వచ్చెయ్. ముందు భోజనాల బల్ల. కొత్తగా మెరిసిపోతోంది, చూడలేకపోతున్నాను. దానికి కాస్త వయసు తేగలవా?” అంది.

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

“ముందు మీ ఇంటిల్లిపాదీ ఒక పూట ఆ బల్ల దగ్గర కూర్చుని తినాలండీ. ఎవరి మోచెయ్యి ఎక్కడ పడుతుందో నేను పక్కన నిలబడి చూసుకుంటాను. ఎక్కడ ఆపాలో మా అమ్మాయి చెబుతుంది.”