నా బదులు చెప్పిన జవాబు

"ఎలాగూ ఖాళీయే కదా, సెల్లికి కాసింత ఇంగ్లీసు సెప్పు," అనేసి మా ఆయన త్రినాథ్ బండెక్కి వెళ్ళిపోయాడు.

ఖాళీయట! ఒళ్ళో చాటెడు జీడిపప్పు, పొట్టు తీసి సాయంత్రానికి ఫ్యాక్టరీకి పంపాలి. పొయ్యి మీద గంజి. గదిలో, నిన్న సాయంత్రం డయాలసిస్ చేయించుకొచ్చి ఇంకా నీరసంగా పడుకున్న అత్తగారు. ఆవిడకి నీళ్ళు కూడా కొలిచి ఇవ్వాలి. ఈ ఇంట్లో నా చేతులు ఎప్పుడు ఖాళీగా ఉన్నాయో నాకే గుర్తు లేదు.

ఆడపడుచు సంధ్యకి రేపు విశాఖ హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. చెప్పాలే గానీ, పాఠమంటే నాకు ప్రాణం. పలాసలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేసేదాన్ని. అత్తగారి జబ్బుతో మానేశాను. మళ్ళీ తీసుకోమని పోయిన నెల హెడ్మాస్టరుని అడిగొచ్చాను. స్కూలు వేళకి అడ్డం రాకుండా డయాలసిస్ సాయంత్రం బ్యాచికి మార్పించాను కూడా. నా ఫోను అత్తగారి మంచం దగ్గరే ఉంటుంది, మోగినా నాకు వినపడదని త్రినాథ్ నంబరిచ్చాను. కబురే లేదు. అంత చాకిరీ చేస్తే మర్చిపోయారే అని లోలోపల కుమిలిపోతున్నాను.

"మనమున్న చోటికి తిరిగొస్తే కమ్ బ్యాక్. వదిలొచ్చిన చోటికి మళ్ళీ వెళ్తే గో బ్యాక్. తీసుకున్నది తిరిగిస్తే గివ్ బ్యాక్. అడిగినవాళ్ళకి తిరిగి ఫోన్ చేస్తే కాల్ బ్యాక్. ఏదీ, సొంతంగా చెప్పు. బట్టీ కొట్టింది వద్దు, మనింట్లో జరిగింది చెప్పు."

సంధ్య ఆలోచించి, గబగబా చెప్పింది: "ది స్కూల్ కాల్డ్ బ్యాక్. బ్రదర్ సెడ్, షీ వోంట్ గో బ్యాక్."

ఒక్క తప్పు లేదు. మెచ్చుకోబోయి ఆగిపోయాను.

"ఏ స్కూలే?"

సంధ్య నాలిక్కరుచుకుంది. "నీకు తెల్దా వదినా? మొన్న లచ్చివారం నీ స్కూలోలు ఫోన్ సేసినారు కదా. మా యావిడ రాదండీ, ఇంటికాడ కుదర్దు అని అన్నయ్య సెప్పీసినాడు. నిన్నడిగే సెప్పినాడనుకున్నాను."

రాత్రి నా పక్కనే కూర్చుని తిన్నాడు, చారు బాగుందన్నాడు. ఈ మాటకి మాత్రం నోరు రాలేదు. నేనేమో పాపం ఆ స్కూలు వాళ్ళని తిట్టుకుంటున్నాను.

చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, మంచం దగ్గరి ఫోను తీశాను. అత్తగారు కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసుకున్నారు.

హెడ్మాస్టరు తిరుమలరావుగారే ఎత్తారు. ఇంకా ఎవరినీ తీసుకోలేదట.

"సోమవారం నుంచి వస్తాను సార్. ఇకమీదట ఏదున్నా ఈ నంబరుకే చెయ్యండి. నాతోనే మాట్లాడండి."

ఫోను పెట్టేసరికి సంధ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. "అన్నయ్యనొక మాట అడగవేటి వదినా?"

దాని యాసలోనే అడిగాను: "నాను రానని మీ అన్న సెప్పినప్పుడు నన్నడిగినాడేటి?"