మొదటి గరిటె

గేరుబాక్సు విప్పి ముక్కలన్నీ గోనెపట్టా మీద పరిచాక, మెకానిక్ చేతులు తుడుచుకుంటూ, "పన్నెండు రోజులు పడుతుందన్నా. ఇంటికెళ్ళి పిల్లలతో కూర్చుని నాలుగు మెతుకులు తిను. మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో" అన్నాడు.

లారీ ఎక్కిన పదహారేళ్ళలో డ్రైవరుకు పన్నెండు రోజులు వరసగా ఇంటిపట్టున ఉండే యోగం ఎప్పుడూ పట్టలేదు. వస్తే ఒకపూట, మహా అయితే రెండు పూటలు. అందుకని బస్సు దిగేటప్పుడు పెళ్ళికొడుకులా దిగాడు. చంకన ఓ పెద్ద పుచ్చకాయ కూడా ఉంది.

ఇంటి ముందుగదిలో అతని తమ్ముడి దుకాణం. గడియారాలు బాగుచేస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "ఇంకా టైము కాలేదు" అంటాడు. చుట్టూ వంద గడియారాలు పెట్టుకుని ఆ మాట అంటాడు కాబట్టి ఎదటివాడు నవ్వి ఊరుకోవాల్సిందే. డ్రైవరు భార్య రొట్టెల బట్టీలో పనిచేస్తుంది. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి ఇల్లు చేరుతుంది. ఈలోగా ఇద్దరు ఆడపిల్లల్నీ లేపి, తినిపించి, జడలు వంకరగానో టింకరగానో వేసి బడికి పంపేది తమ్ముడే. పెద్దపిల్లకు పదకొండేళ్ళు. చిన్నదానికి ఆరు. గుండ్రంగా ఉంటుందని దాన్ని అందరూ బుడంకాయ అంటారు.

ఆ సాయంత్రం తమ్ముడు తప్ప అందరూ టేబుల్ చుట్టూ కూర్చున్నారు. పెద్దపిల్ల గరిటె పట్టుకుని వడ్డించింది. మాంసం, బంగాళాదుంపలు వేసి కాచిన చిక్కటి కూర, బట్టీనుంచి తెచ్చిన రొట్టె. డ్రైవరు రొట్టె తుంచి, కూరలో ముంచి, మూడో ముద్ద కూడా మింగాక తలెత్తి చూస్తే పిల్లలింకా మొదలుపెట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిమంతుల్లా కూర్చున్నారు. నాలుగు కళ్ళూ ఒకే దిక్కు చూస్తున్నాయి. ఆ దిక్కున తమ్ముడు గోళ్ళలో నూనె పోయేదాకా చేతులు కడుక్కుని, తీరిగ్గా వచ్చి, కుర్చీ చప్పుడు కాకుండా జరుపుకుని కూర్చుని, తల ఒక్కసారి ఆడించాడు.

అప్పుడు పిల్లలు చెంచాలు తీశారు.

ఆ తల ఊపు డ్రైవరు గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది. 'కన్నవాణ్ణి నేను ఇక్కడ తింటుంటే, పచ్చజెండా ఊపేది వీడా?' అనుకున్నాడు.

టేబుల్ మీద ఎవరి నోరూ చప్పుడు చెయ్యడం లేదు. వినబడేదల్లా అతను జుర్రే చప్పుడొకటే. అతని తిండి దారిలో నేర్చుకున్న తిండి. ఒక కన్ను పళ్ళెం మీద, ఒక కన్ను బండి మీద, మొత్తం ఏడు నిమిషాలు. ఆలస్యమైతే తాడు కోసి సరుకు దించేసేవాళ్ళుంటారు. ఇంట్లో సరుకు ఎవరూ దించరని తెలిసినా చెయ్యి మాత్రం వినదు. కూర చుక్క టేబుల్ మీది గుడ్డమీద పడింది. పెద్దపిల్ల అటు చూడనైనా చూడకుండా తుడిచేసింది. తిన్నాక అతను బ్రేవుమని త్రేన్చితే బుడంకాయ కిసుక్కుమనబోయింది. టేబుల్ కింద అక్క కాలు తగిలినట్టుంది, నోరు మూసుకుంది.

చివర్న బుడంకాయ, "బాబాయ్, లేవచ్చా?" అని అడిగింది.

బాబాయినే అడిగింది. నాన్న పక్కనే ఉన్నాడు, ఆరడుగుల మనిషి, అయినా బాబాయినే అడిగింది.

తర్వాత పళ్ళాలు తుడుస్తున్న భార్య చెవిలో వేశాడు డ్రైవరు. "ఏమే, ఇది ఇల్లా, పోలీసు ట్రైనింగా?"

"ఏమైందిప్పుడు?"

"తుమ్మాలన్నా వాడి పర్మిషన్ కావాలేమో."

"పిల్లలు అడ్డదిడ్డంగా తింటుంటే మీ తమ్ముడు కూర్చోబెట్టి నేర్పాడు. బట్టీలో ఓనరమ్మ కూడా మెచ్చుకుంది, పిల్లలంటే ఇలా ఉండాలని." ఆమె పళ్ళెం కిందపెట్టి మొగుడి మొహంలోకి చూసింది. "కుళ్ళా?"

"నాకా! నాకెందుకు కుళ్ళు?"

"నేనూ అదే అడుగుతున్నా."

మర్నాడు మాత్రం అతనికో విషయం కంటబడి ప్రాణం లేచొచ్చింది. పెద్దపిల్ల గరిటె తీసుకుని నేరుగా తన దగ్గరికే వచ్చింది. మొదటి గరిటె తనకే. అందులోనూ ఏరి ఏరి పెద్ద ముక్కలు. తర్వాత బుడంకాయకి, తర్వాత వాళ్ళమ్మకి, ఆ తర్వాతెప్పుడో తమ్ముడికి. నిన్న తిండి ధ్యాసలో చూసుకోలేదు గానీ నిన్న కూడా ఇంతే అయ్యుండాలి. 'అదీ సంగతి. తల ఊపుకుంటే ఊపుకోనీ పాపం. ముక్కలు ఎవరికి పడుతున్నాయన్నది కదా లెక్క' అనుకున్నాడు.

అప్పట్నుంచి రోజూ ఆ మొదటి గరిటె కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాడు. పళ్ళెం నిండగానే కుర్చీలో వెనక్కి వాలి, "ఏరా, నీకింకా పడలేదా? అయ్యో, నా ముక్కొకటి తీసుకో" అనేవాడు తమ్ముడితో. "నాకు తొందరేం లేదన్నయ్యా" అనేవాడు తమ్ముడు. ఆ నిదానం డ్రైవరుకి మరింత మంట.

తమ్ముడు దుకాణంలో ఉన్న సమయం చూసి పుచ్చకాయ కోసి, గింజ ఎవరు దూరం ఊస్తారో పందెం పెట్టాడు. బుడంకాయ గోడదాకా ఊసింది. డ్రైవరు గడప దాటించాడు. పెద్దపిల్ల తన గింజలన్నీ గుట్టుగా చేతిలోకి తీసుకుని పళ్ళెం అంచున పేర్చి, "చాలా దూరం పడింది నాన్నా" అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు పక్కింటావిడ ఎదురింటివాళ్ళ కొత్త కర్టెన్లని మెచ్చుకున్నట్టుంది.

"నువ్వూ ఊయవే!"

"పర్లేదండీ నాన్నా, మీరు కానివ్వండి."

ఎనిమిదో రోజు సాయంత్రం మెకానిక్ వచ్చాడు. సామాను వచ్చేసింది, చెప్పిన రోజుకే బండి ఇచ్చేస్తానని చెప్పడానికి. డ్రైవరు బలవంతపెట్టి టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు. తన వైభోగం చూసేందుకు బయటివాడొకడు దొరికాడని లోలోపల సంబరం. "మా ఇంట్లో పద్ధతంటే పద్ధతన్నా. చూడు నువ్వే" అన్నాడు.

పెద్దపిల్ల గరిటె ముంచి ఒక్క క్షణం ఆగింది. బుడంకాయ అక్క వైపు వంగి గుసగుసలాడింది. ఆరేళ్ళ పిల్ల గుసగుస అంటే వీధి చివరిదాకా వినిపించేదే.

"అక్కా, ఇవాళ ఇద్దరు చుట్టాలు కదా, ముందెవరికి వేస్తావ్?"

మెకానిక్ పగలబడి నవ్వాడు. "ఇద్దరా? రెండోవాడెవడే?"

బుడంకాయ చెంచాతో నాన్నను చూపించబోయింది. చెంచాతో మనుషుల్ని చూపించకూడదని గుర్తొచ్చి, చెంచా దించి గడ్డంతో చూపించింది.

పెద్దపిల్ల మొహం ఎర్రబడింది. గరిటె మెకానిక్ పళ్ళెంలో వంచింది. డ్రైవరు నోట్లో రొట్టె అట్టముక్కలా అయిపోయింది. వారం రోజులుగా తను కుర్చీలో వాలి మరీ అనుభవించింది ఇదన్నమాట. వాకిట్లో చెప్పులు విప్పుకుని వచ్చి, తిని, పోయేవాడికి పెట్టే మొదటి గరిటె.

మర్నాడు పిల్లలు బడికి వెళ్ళగానే దుకాణంలోకి వెళ్ళాడు. తమ్ముడు కంటికి భూతద్దం బిగించుకుని ఓ చేతిగడియారం పొట్టలో పట్టకారు పెట్టి ఉన్నాడు.

"నేను చుట్టాన్నారా?"

"నేనా మాట అనలేదన్నయ్యా."

"మరి పిల్లలకెలా వచ్చింది? కలలోకొచ్చిందా?"

"చుట్టాలకి ముందు వడ్డించాలని చెప్పాను. వాళ్ళు ఏదన్నా పొరపాటు చేస్తే చూడనట్టుండాలని చెప్పాను. వాళ్ళచేత పని చేయించకూడదని చెప్పాను." తమ్ముడు తలెత్తలేదు. "అంతే చెప్పింది. చుట్టమెవరో వాళ్ళే తేల్చుకున్నారు."

"అద్దం తీసి మాట్లాడు ముందు!"

తమ్ముడు అద్దం తీశాడు. ఆ కంటి చుట్టూ ఎర్రటి వలయం పడి ఉంది.

"నువ్వు సందు మలుపులో హారన్ కొడతావు చూడు అన్నయ్యా, ఏడాదికి ఎన్నిసార్లు? పదో, పన్నెండో. అది వినబడగానే నా ఎదురుగా తింటున్న పిల్లలు చెంచాలు పారేసి వీధిలోకి పరిగెడతారు. 'లేవచ్చా' లేదు, ఏం లేదు. నేర్పిందంతా గంగలో కలిసిపోద్ది. నేను ఏడాదంతా ఇక్కడే ఉంటాను. నేను వస్తున్నానని ఎవరైనా ఒక్కసారి పరిగెత్తారా? నేనెవరిమీద పడి ఏడవను?"

తమ్ముడు కూడా తనని చూసి కుళ్ళుకుంటున్నాడని తెలిసేసరికి డ్రైవరుకు కడుపులో కాస్త చల్లగా అనిపించిన మాట నిజం. కానీ ఆ చల్లదనం మధ్యాహ్నందాకానే. పరుగు ఒక నిమిషం. భోజనాలు రోజుకి మూడు. ఆ లెక్కన తమ్ముడే కోటీశ్వరుడు.

ఇంక మూడు రోజులు మొదటి గరిటె అతని పళ్ళెంలో పడినప్పుడల్లా చెంపమీద పడ్డట్టే ఉంది. నోరు మూసుకుని నమలడానికి ప్రయత్నించాడు. దవడ నొప్పి పుట్టిందిగానీ ఎవరూ గమనించలేదు. చుట్టం పొరపాట్లే కాదు, చుట్టం పాట్లు కూడా చూడకూడదు కాబోలు.

పన్నెండో రోజు వచ్చింది. తెల్లారితే బండెక్కాలి. ఇప్పుడు చుట్టంగా గడప దిగితే, మళ్ళీ వచ్చేసరికి పక్కా చుట్టమే అయిపోతాడు. భోజనాల వేళకి అతను అందరికంటే ముందు వంటింట్లోకి వెళ్ళి గరిటె చేతబట్టాడు.

"మీరు కూర్చోండి నాన్నా, నేను వేస్తాను" అంది పెద్దపిల్ల.

"ఇవాళ నేను."

"వద్దు నాన్నా, మీరు..."

"నేనన్నానా!"

చుట్టంతో వాదించకూడదు. పిల్ల వెళ్ళి కూర్చుంది. కానీ గరిటె మీదనుంచి కళ్ళు తీయలేదు.

పెద్దపిల్లకి మూడు ముక్కలు వేశాడు. బుడంకాయకి మూడు. భార్యకి నాలుగు వేస్తే, "ఏమిటి విశేషం?" అంది. తర్వాత తమ్ముడు. నిజానికి డ్రైవరు మనసులో ఏమీ అనుకోలేదు. ఇంజను ఆపేసినా వాలులో బండి తనంతట తాను జారినట్టు, చెయ్యే జారింది. గరిటె గిన్నె పైపైనే తేలి, పలచటి రసం, ఒక బంగాళాదుంప చెక్క తీసుకొచ్చి తమ్ముడి పళ్ళెంలో వదిలింది.

తమ్ముడు పళ్ళెంలోకి చూశాడు.

పెద్దపిల్ల కూడా చూసింది. బాబాయి పళ్ళెం, తన పళ్ళెం, మళ్ళీ బాబాయి పళ్ళెం. పెదాలు బిగించింది. ముక్కుపుటాలు అదిరాయి. నేర్చుకున్న పద్ధతంతా ఆ పిల్ల గొంతు దగ్గర అడ్డంగా నిలబడింది. అదీ ఎంతసేపని నిలబడుతుంది?

"నాన్నా! ఏంటిది!"

డ్రైవరు ఉలిక్కిపడ్డాడు.

"బాబాయికి ఒక్క ముక్క కూడా లేదు! నేను చూశాను, నువ్వు కావాలనే పైనుంచి తీశావు! వడ్డించేవాళ్ళు అందరికీ సమంగా వెయ్యాలని తెలీదా? ఇంత పెద్దయ్యావు!" పిల్ల లేచి నిలబడింది. "పన్నెండు రోజుల్నుంచి చూస్తున్నా. మోచేతులు టేబుల్ మీదే, జుర్రుడు జుర్రుడే, గుడ్డనిండా మరకలు! రోజూ ఎవరు ఉతుకుతున్నారనుకున్నావ్? గింజలు నేలమీద ఊస్తే ఎవరు ఊడ్చారనుకున్నావ్?"

బుడంకాయ నోరు తెరిచేసింది.

"అక్కా! చుట్టాల్ని తిట్టకూడదు!"

"చుట్టమైతే ఎందుకు తిడతానే!" అని దానిమీద కూడా అరిచి పెద్దపిల్ల కూలబడింది. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

డ్రైవరు అలాగే నిలబడిపోయాడు. పోలీసు దగ్గర తిన్నాడు తిట్లు, ఓనరు దగ్గర తిన్నాడు, టోల్‌గేట్ల దగ్గర తిన్నాడు. ఇంత కమ్మటి తిట్టు మాత్రం ఇదే మొదటిసారి.

"తప్పయిపోయింది" అన్నాడు నవ్వు ఆపుకుంటూ. గిన్నె అడుగునుంచి దేవి, ఉన్న ముక్కలన్నీ తమ్ముడి పళ్ళెంలో వేశాడు. ఐదు ముక్కలు. తన కోసం మిగిలింది అడుగంటిన కూర. దాన్ని గీకి వేసుకుని, పెద్దపిల్ల చూపు తన మీదే ఉండేసరికి మోచేతులు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. చెంచా ఎత్తబోయి ఆగాడు. పిల్లలు ఎటు చూశారో తనూ అటే చూశాడు. తమ్ముడు తల ఊపాడు. నలుగురితోపాటు అతనూ మొదలుపెట్టాడు.

అయినా ఏడు నిమిషాల్లో పళ్ళెం ఖాళీ అయింది. కుర్చీ వెనక్కి జరపబోయి గుర్తొచ్చి పెద్దపిల్లని అడిగాడు. "లేవచ్చా?"

"కూర్చో నాన్నా. బాబాయి ఇంకా తింటున్నాడు కదా."

కూర్చున్నాడు. ఎదురుగా తమ్ముడు, నోరు మూసుకుని, చప్పుడు లేకుండా, ఐదింటిలో రెండో ముక్కని పాత గడియారం విప్పినంత నిదానంగా నములుతున్నాడు. మధ్యలో ఒకసారి తలెత్తి అన్న మొహంలోకి చూశాడు. చూసి, ఇంకాస్త నెమ్మదించాడు.