ఒక డైవ్ కనబడటం లేదు

లంగరు కొట్టిన మొదటి దెబ్బకే బావ పెదవి చిట్లింది. రెండో దెబ్బ నడుముకు కట్టుకునే సీసం బెల్టుతో పడింది. పక్కటెముక విరిగిన చప్పుడు డైవర్ల గది గుమ్మంలో నిలబడ్డ డిజైనరుకు కూడా వినబడింది.

లంగరు అని అందరూ పిలిచేది ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకే డైవర్లలో అందరికంటే బరువైనవాణ్ని. దెబ్బలు తింటున్నది డిజైనరుకు అక్క మొగుడు. ఒడ్డున నిలబడి, టాబ్లెట్‌లో డైవ్‌ల చిట్టా చూసి, ఎవరు నీళ్లలోకి దిగాలో ఎవరు దిగకూడదో చెప్పేది ఆయనే. ఈ జట్టులో దిగేవాడు తన డైవ్‌లు తాను లెక్కపెట్టుకోడు. లోతుకు వెళ్లొచ్చినవాడి బుర్ర నమ్మదగింది కాదని వీళ్ల లెక్క. "అలిసిపోయాను" అన్నవాణ్ని ఏడాదిపాటు ఏడిపిస్తారు. ఒడ్డున ఉన్నవాడు దిగమంటే దిగాలి, అంతే. మూడు రోజుల క్రితం బావ దిగమన్నది తన సొంత తమ్ముణ్నే. రోజుకు రెండుసార్లకు మించి దింపకూడని మనిషిని మూడోసారి దింపాడు. ఆ పిల్లవాడు పైకి వచ్చి మెట్టు మీద కూర్చుని, మళ్లీ లేవలేదు. నెత్తుట్లో గాలి బుడగలు కట్టి నడుము కింద చచ్చుబడిపోయింది.

"మూడో డైవ్ అని తెలీదా నీకు?" అన్నాడు లంగరు, జుట్టు పట్టుకుని.

"ఒక్కటే కనబడిందిరా. ఇది రెండోది అనుకున్నా."

లంగరు తన ఫోను తీసి బావ ముక్కుకు ఆనించాడు. అందులోని అదే చిట్టాలో మూడు డైవ్‌లు చక్కగా ఉన్నాయి. "నా ఫోన్లో ఉన్నవి నీ కళ్లకు ఎందుకు కనబళ్లేదు?" అంటూ బావ తలను ఇనుప బీరువాకేసి కొట్టాడు. నిజానికి తప్పుకు పడిన దెబ్బలు తక్కువ, అబద్ధం ఆడుతున్నాడని పడినవే ఎక్కువ. బావ చెయ్యెత్తలేదు. డిజైనరు అడ్డం వెళ్లబోతే ఎవరో ఒక్క తోపు తోశారు, గాలి సిలిండర్ల మధ్య పడ్డాడు. అక్కడే నేల మీద ఆ టాబ్లెట్ దొరికింది. ఏం చెయ్యాలో తోచక దాన్నే సంచిలో వేసుకున్నాడు.

ఈ డిజైనరు గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆ చిట్టా యాప్ చేసిన కంపెనీలో ఫిల్టర్ పని మొత్తం ఈయనగారిదే. చోటు, తేదీ, లోతు ఎంచుకుంటే ఆ డైవ్‌లే కనబడతాయి. ఫిల్టర్ వేసి ఉందని చెప్పే గుర్తు మొదట్లో ఉండేది. స్క్రీను మీద మచ్చలా ఉందని రెండేళ్ల క్రితం తనే పీకేశాడు. పైగా ఒకసారి వేసిన ఫిల్టర్ యాప్ మూసినా పోదు, అదొక సౌకర్యమని మురిసిపోయాడు. ఈ మధ్య ఎవరో విసుక్కుంటే మళ్లీ మొత్తం మార్చమని మేనేజరు పురమాయించాడు. ఆ కొత్త ఫిల్టర్‌ను డైవర్ల చేత వాడించి చూద్దామనే ఆరోజు అక్కడికి వెళ్లాడు.

మర్నాడు ఆఫీసులో ఆ టాబ్లెట్‌లో కొత్తది ఎక్కించి, ప్రమాదం జరిగిన రోజు తెరిచాడు. పైన ఒక పచ్చ పట్టీ, అందులో అక్షరాలు: "ఫిల్టర్ వేసి ఉంది. చోటు: లోపలి జెట్టీ. ఆరోజు డైవ్ ఒకటి కనబడటం లేదు."

ఆ ఫిల్టర్ ఎప్పుడు వేసిందో డిజైనరు వెతికి చూశాడు. ప్రమాదానికి రెండు రోజుల ముందు ఏదో నివేదిక కోసం బావ లోపలి జెట్టీ మాత్రమే ఎంచుకున్నాడు. అది అలాగే ఉండిపోయింది. బావ తమ్ముడు ఆరోజు పొద్దున్నే వేరే జట్టుతో హార్బరు ముఖద్వారం దగ్గర దిగిన డైవ్ అందుకే కనబడలేదు. బావ అబద్ధం ఆడలేదు.

మేనేజరు విని, తలుపు మూసి వచ్చాడు. "ఎవరికీ చెప్పకు. కొత్తది రేపు వదిలేద్దాం. మీ బావ ఎలాగూ తప్పు నాదేనని సంతకం పెట్టేశాడుగా." అలా అని నిమ్మకు నీరెత్తినట్టు టీ తాగాడు. డిజైనరుకు ఆ కప్పు లాక్కుని వాడి మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. కోపం వాడి మీద కాదని తెలుసు.

ఆ సాయంత్రం బావ ఇంటికి వెళ్తే అక్క తలుపు తీసింది. "నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదురా. నువ్వైనా చెప్పు," అని వంటింట్లోకి వెళ్లింది.

బావ మంచం అంచున కూర్చున్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. "నా కళ్లే నన్ను మోసం చేశాయిరా," అన్నాడు. "వాడి కాళ్లు నేనే తీసేశాను."

"నీ కళ్లు కాదు, బావా." డిజైనరు టాబ్లెట్ ఆయన ఒళ్లో పెట్టాడు. జరిగింది మొత్తం చెప్పాడు, గుర్తు పీకేసింది తనేనని కూడా.

బావ తెరిచి ఉన్న కంటితో ఆ పట్టీని రెండుసార్లు చదివాడు.

"ఇది పెట్టడానికి ఎంతసేపు పట్టింది?"

నెల అనొచ్చు. ఆర్నెల్లు అన్నా బావకు తెలిసే దారి లేదు.

"ఇరవై నిమిషాలు, బావా."

బావ టాబ్లెట్‌ను మంచం మీద పడేసి లేచాడు. లంగరు కొడుతుంటే వేలు కూడా ఎత్తని మనిషి, మొదటి గుద్దుకే డిజైనరు ముందుపన్ను రాలగొట్టాడు. గోడకు అదిమి గొంతు పట్టుకున్నాడు. విరిగిన పక్కటెముక నొప్పికి తానే మూలుగుతూ, మోచేత్తో మొహం మీద పొడిచాడు. మళ్లీ పొడిచాడు. గోడ మీద నెత్తురు చిందింది. డిజైనరుకు కళ్లు బైర్లు కమ్మాయి. చేతులు అడ్డం పెట్టుకోలేదు.

అక్క గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. ఎత్తిన మొగుడి చేతిని రెండు చేతులా పట్టుకుని వేలాడింది. "చంపేస్తారా వాణ్ని? ఏం చేశాడని?"

"ఇది ఆరోజు లేదు," అంటూ బావ గడ్డంతో మంచం మీది టాబ్లెట్‌ను చూపించాడు. అక్క చెయ్యి వదలకుండానే వంగి, ఆ పట్టీని చదివింది. తమ్ముడి వైపు తిరిగింది.

"ఇది లేకుండా చేసింది నువ్వేనా?"

"నేనే, అక్కా."

అక్క మొగుడి చెయ్యి వదిలేసింది.